బర్గ్‌ముల్లర్ అయిపోయింది, షోపాన్ అందడం లేదు: మధ్యలో ఏమి వాయించాలి?

బర్గ్‌ముల్లర్ ఓపస్ 100లో, అంటే పియానో నేర్చుకునేవారి కోసం ఆ స్వరకర్త రాసిన పాఠాల పుస్తకంలో (ఓపస్ అంటే స్వరకర్త రచనలకు ఇచ్చే వరస సంఖ్య), డజను పాఠాలు దాటిన పిల్లలు కడపలో నా దగ్గరికి వచ్చి అడిగేది ఒక్కటే: "సార్, ఇక షోపాన్ మొదలుపెట్టవచ్చా?" పెద్దవాళ్లు ఇదే మాట కాస్త మొహమాటపడుతూ అడుగుతారు. కాదంటే మొహం చిన్నబోతుంది. అవునంటే ఆరు నెలలు ఒకే నాక్టర్న్ (షోపాన్ రాసిన, రాత్రి పాట లాంటి పియానో రచన) మొదటి పేజీ దగ్గర చతికిలబడి, చివరికి పియానో మీద గుడ్డ కప్పేస్తారు. నేనూ ఒకప్పుడు అలా కప్పినవాడినే. మళ్లీ ఆ గుడ్డ తీయించినవాడు పందొమ్మిదో శతాబ్దపు స్వరకర్త స్టీఫెన్ హెల్లర్. అంతవరకు ఆయన పేరు కూడా వినలేదు.

కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్నవారికి ఈ ఇబ్బంది చప్పున అర్థమవుతుంది. సరళీ వరుసలు, అలంకారాలు, గీతాలు అయిన మర్నాడే ఎవరూ పెద్ద కృతి ఎత్తుకోరు. మధ్యలో స్వరజతులు ఉన్నాయి, వర్ణాలు ఉన్నాయి. పియానోలో ఆ వర్ణాల దశకు మహామహులు రాసింది తక్కువ. షూమన్ 1848లో రాసిన పిల్లల ఆల్బమ్ ఉంది, చైకోవ్‌స్కీ 1878లో రాసినది ఉంది. వాటిలో మీకు నచ్చినవి ఏడాదిలో అయిపోతాయి. ఆ తరువాత దారి లేనట్టు కనిపిస్తుంది.

దారి ఉంది, దాని మీద నడిచేవారే తగ్గిపోయారు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ మధ్యతరగతి ఇళ్లలోకి పియానో వచ్చింది. రేడియో లేని కాలం, పాట వినాలంటే ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని వాయించాలి. ఆ ఇళ్ల కోసం స్వరాలు అచ్చు వేసేవారు, వారి కోసం రాసి బతికే స్వరకర్తలు పుట్టుకొచ్చారు. పగలంతా ఏదో పని చేసుకుని సాయంత్రం పియానో ముందు కూర్చునే చేతులను దృష్టిలో పెట్టుకుని వారు రాశారు. మన చేతులు సరిగ్గా అవే. అలాంటి రచనలను ఎలా వెతకాలో, దొరికినవాటిలో ఏది ఉంచుకుని ఏది పక్కన పెట్టాలో నేను పాటించే పద్ధతి చెబుతాను.

ముందు మీ వాయిద్యాన్ని కొలవండి

మన వైపు చాలా ఇళ్లలో ఉండేది 61 మెట్ల కీబోర్డు. చర్చిలో వాయించడానికో, ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకో కొన్నది. దానితోనే మొదలుపెట్టవచ్చు, కానీ కాగితం అచ్చు తీయించే ముందు ఒక లెక్క చూసుకోవాలి. ఆ కీబోర్డులో అన్నిటికన్నా కింది స్వరం సి. కాగితం మీద అది, ఎడమ చేతి స్వరాలు రాసే బాస్ గీతల కింద రెండో చిన్న గీత మీద కూర్చుంటుంది. అంతకన్నా కిందికి దిగిన స్వరం కనిపిస్తే అది మీ దగ్గర లేదని అర్థం. పెన్సిలు తీసుకుని అలాంటివన్నీ చుట్టండి. రెండు మూడు చోట్ల మాత్రమే ఉంటే ఒక ఆక్టేవ్ (మన స్థాయి) పైన వాయించి సరిపెట్టుకోవచ్చు. వరసకు వరస ఉంటే ఆ రచనను 88 మెట్ల పియానో దొరికే రోజుకు దాచుకోండి. పై వైపు ఈ బెడద దాదాపు రాదు.

పెడల్ దగ్గర మాత్రం రాజీ పడవద్దు. ఈ సంగీతంలో ఎడమ చేయి కింద ఒక బాస్ స్వరం కొట్టి, దాన్ని వదిలేసి పైకి వెళ్లిపోతుంది. ఆ స్వరం మాత్రం మోగుతూనే ఉండాలి. అది కాలి పని. కీబోర్డు వెనక పెడల్ తగిలించే రంధ్రం ఉందో లేదో చూసి సస్టెయిన్ పెడల్ ఒకటి కొనండి. మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకేలా మోగే కీబోర్డు అయితే, ముందు దాన్ని మార్చడం గురించి ఇంట్లో మాట్లాడండి.

నిజమైన పియానో ఉన్న అదృష్టవంతులకు ఒక్క మాట. మన వేసవి గాలికి చెక్క ఎండి కుంచించుకుపోతుంది, వానలు పడగానే చెమ్మ పీలుస్తుంది, ప్రతిసారీ శ్రుతి జారుతుంది. శ్రుతి చేసే మనిషిని కడపకు చెన్నై నుంచో, అనంతపురానికి బెంగళూరు నుంచో, కర్నూలుకు హైదరాబాద్ నుంచో పిలిపించుకోవాలి. ఊళ్లో పియానో ఉన్న నాలుగు ఇళ్లవారు మాట్లాడుకుని ఒకే రోజుకు పిలిస్తే దారి ఖర్చు నాలుగు వాటాలవుతుంది.

చేతిలో ఉన్న పుస్తకం నుంచే తీగ లాగండి

పేరు తెలియని స్వరకర్తల జాబితాలు ఇంటర్నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి. వాటివల్ల నాకు ఒక్క రచన కూడా దొరకలేదు. నలభై పేర్లు చదివాక నలభై ఒకటో పేరు కళ్లకు ఆనదు. తీగ పద్ధతి మేలు. మీకు ఇప్పటికే నచ్చిన రచన దగ్గర మొదలుపెట్టి, దాన్ని రాసినవారి స్నేహితుల ఇంటికి, శిష్యుల ఇంటికి వెళ్లడం.

షూమన్ పిల్లల ఆల్బమ్, ఓపస్ 68, మీ దగ్గర ఉంటే 41వ రచన తీయండి. పేరుకు అర్థం ఉత్తరాది పాట. ఆ పేరు పక్కనే "జి.కి నమస్కారం" అనే అర్థం వచ్చే జర్మన్ మాట ఉంటుంది. ఎవరీ జి? పాట మొదటి నాలుగు స్వరాలు పైకి చదవండి: జి, ఎ, డి, ఇ. ఆ నాలుగు అక్షరాలు కలిపితే డెన్మార్క్ స్వరకర్త నీల్స్ గేద ఇంటిపేరు వస్తుంది. షూమన్ స్నేహితుడి పేరును స్వరాలుగా మార్చి పిల్లల పుస్తకంలో దాచిపెట్టాడు. డెన్మార్క్‌వారు ఆ పేరు పలికే తీరు మన చెవికి ఇంచుమించు గేదె అన్నట్టే వినిపిస్తుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఆయన్ను మరిచిపోయినవారు ఒక్కరూ లేరు.

ఇక గేద గురించి వెతకండి. 1817లో పుట్టి 1890లో పోయాడు. మెండెల్‌సన్ పోయాక లైప్‌జిగ్ గేవాండ్‌హౌస్ వాద్యబృందాన్ని నడిపించినవాడు. పియానోకు 1850లో ఆయన ఓపస్ 19 వచ్చింది. దాని పేరు అక్వారెల్స్, అంటే నీటిరంగుల బొమ్మలు. రెండు భాగాలు, భాగానికి ఐదు చొప్పున పది చిన్న రచనలు. షూమన్ పుస్తకంలో వెనక పేజీలు వాయించగలిగినవారికి వీటిలో సగమైనా అందుతాయి. మొదటిది, ఎలిజీ, ఒక వాన సాయంత్రానికి సరిపోయే రచన. మన దగ్గర వాన సాయంత్రాలు తక్కువ కాబట్టి ఏ సాయంత్రమైనా పరవాలేదు.

అదే షూమన్ దగ్గర ఇంకో తీగ లాగితే టెయోడోర్ కిర్ష్‌నర్ వస్తాడు. బ్రామ్స్ దగ్గర లాగితే, ఆయన మెచ్చుకున్న రాబర్ట్ ఫుక్స్ వస్తాడు. వియన్నాలో మాలర్‌కు, సిబేలియస్‌కు పాఠం చెప్పిన గురువు ఆయన. శిష్యుల పేర్లు ప్రపంచమంతా తెలుసు, గురువు పేరు పుస్తకాల అడుగున ఉండిపోయింది. ఇలాంటివి తెలుగువారికి కొత్త కాదు.

రెండో తీగ పరీక్షల సిలబస్. సంగీత పరీక్షలు పెట్టే ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్‌ఎస్‌ఎం పియానో సిలబస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీరు పరీక్ష రాయకపోయినా నాలుగు నుంచి ఆరో గ్రేడు వరకు ఉన్న జాబితాలు చదవండి. హెల్లర్, గుర్లిట్, కిర్ష్‌నర్ లాంటి పేర్లు అక్కడ తరచుగా తగులుతాయి. ఒకరు కూర్చుని కష్టాన్ని తూచి ఆ గ్రేడులో పెట్టారు కాబట్టి మీకు ఒక కొలత దొరికినట్టే. జర్మనీకి చెందిన హెన్లే ప్రచురణ సంస్థ కూడా రచనలకు ఒకటి నుంచి తొమ్మిది వరకు కష్టం అంకె ఇస్తుంది. అందులో నాలుగు నుంచి ఆరు వరకు మధ్యస్థం.

సిలబస్‌లో ఒక రచన నచ్చిందా, దాని దగ్గరే ఆగిపోవద్దు. అది ఏ ఓపస్‌లోనిదో చూసి, ఆ ఓపస్‌లో దానికి ముందూ వెనకా ఉన్నవి తీయండి. సంకలనాలు చేసేవారు ఒకరిని చూసి ఒకరు అదే రచనను తీసుకుంటూ వచ్చారు. దాని పక్కింటివి తరాలుగా ఎవరూ తలుపు తట్టక అలాగే ఉన్నాయి. నాకు దొరికిన మంచివాటిలో చాలా భాగం ఇలా పక్కింట్లో దొరికినవే.

ఎక్కడ దొరుకుతాయి, అక్కడి భాషల చిక్కు

కాగితాలు దొరికే చోటు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ. 2006 నుంచి నడుస్తున్న ఉచిత స్వరభాండారం. అక్కడ స్వరకర్త పేరుతో వెళ్లండి, రచన పేరుతో వద్దు. కారణం ఉంది. ఒకే రచనకు జర్మన్‌లో ఒక పేరు, ఫ్రెంచ్‌లో ఒక పేరు, ఇంగ్లిష్ సంకలనంలో మూడో పేరు ఉంటాయి. హెల్లర్ ఎటూడ్‌లకు (సాధన కోసం రాసిన రచనలకు) మీరు చూసే మంచుచరియ, సెలయేరు వంటి పేర్లయితే ఆయన పెట్టినవి కూడా కావు, తరువాత అచ్చు వేసినవారు తగిలించినవి. ఓపస్ సంఖ్య, దానిలో వరస సంఖ్య, ఈ రెండే నమ్మకమైన చిరునామా.

రచన ఏ శ్రుతిలో (కీలో) ఉందో చెప్పే పేర్ల దగ్గర జాగ్రత్త. జర్మన్ కాగితం మీద డూర్ అంటే మేజర్, మోల్ అంటే మైనర్. వారు హెచ్ అని రాసేది మన బి, వారు బి అని రాసేది మన బి ఫ్లాట్. హెచ్ మోల్ అని చూసి అచ్చుతప్పు అనుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఫ్రెంచ్‌వారు దో రే మీ అంటారు. మన సరిగమల్లా స్థానం మారదు, వారి దో ఎప్పుడూ సి స్వరమే. ఇందులో తెలుగులో రాసుకునేవారికి మాత్రమే వచ్చే చిక్కు ఒకటి ఉంది. ఫ్రెంచ్ సి అంటే బి స్వరం, ఇంగ్లిష్ సి అంటే దో. తెలుగు అక్షరంలో రెండూ ఒకటే. మా పిల్లల నోటు పుస్తకాల్లో ఫ్రెంచ్ సి పక్కన చిన్న చుక్క పెట్టిస్తాను.

కాపీరైటు సంగతి. మన దేశంలో స్వరకర్త మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పే వారంతా ఆ గడువు ఎప్పుడో దాటారు. అయితే ఈ మధ్య ఎవరో సంపాదకులు కొత్తగా సిద్ధం చేసిన అచ్చుకు వేరే హక్కులు ఉండవచ్చు. పాత ముద్రణనే దించుకోండి, అక్కడ ప్రతి ఫైలు పక్కన దాని వివరం ఉంటుంది.

జల్లెడ పట్టడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, చాలామంది దాటేసే మెట్టు కూడా. రచన పేరు దొరకగానే యూట్యూబ్‌లో వినేస్తారు. ఎవరో ఉద్దండుడు దాన్ని మెరుపులా వాయిస్తాడు. "అమ్మో, మనవల్ల కాదు" అని మూసేస్తారు, లేదా "ఆహా" అని మొదలుపెట్టి మూడో వరసలో చిక్కుకుంటారు. రెండూ పొరపాట్లే. ముందు కాగితం చదవండి, తరువాత వినండి.

మొదటి పేజీతో మొదలుపెట్టవద్దు. కొత్తవారిని లోపలికి పిలిచే వాకిలి అది, ముగ్గు వేసే ఉంటుంది. మధ్య పేజీకి వెళ్లండి. రొమాంటిక్ కాలపు (పందొమ్మిదో శతాబ్దపు) రచనల్లో అక్కడే శ్రుతి మారుతుంది, షార్ప్‌లు, ఫ్లాట్‌లు (స్వరాన్ని అర మెట్టు పెంచే, తగ్గించే గుర్తులు) స్వరాల ముందు గుంపులుగా నిలబడతాయి. ఆ భాగంలో ఎనిమిది బార్‌లు (రెండు నిలువు గీతల మధ్య గడి ఒక బార్) ఎంచుకుని ఈ మూడు చూడండి.

ఎడమ చేయి ఒక బార్‌లో ఎంత దూరం దూకుతోంది? ఒకేసారి నొక్కే స్వరగుంపుల్లో అన్నిటికన్నా వెడల్పైనది ఎంత? మీ చేయి ఆక్టేవ్ దాకా చాచితే హాయిగా అందుతుందా, లాగితే అందుతుందా? పదకొండేళ్ల పిల్లకు లాగితే అందేది మణికట్టు నొప్పిగా మిగులుతుంది. అలాంటి చోట గుంపు పక్కన నిలువుగా వంకీల గీత ఉంటే భయం లేదు, కింది నుంచి పైకి ఒక్కొక్క స్వరంగా జార్చమని దాని అర్థం.

మూడోది కంటికి కనిపించని కష్టం. ఒకే చేతిలో రెండు పనులు ఉన్నాయా? చిటికెన వేలు, ఉంగరపు వేలు పాట పాడుతుంటే అదే చేతి బొటనవేలు, చూపుడు వేలు సహకారం వాయించాలి. కాగితం మీద చూస్తే స్వరాల కాడలు కొన్ని పైకి, కొన్ని కిందికి ఉంటాయి. అలాంటి పేజీ ఎంత నెమ్మదిగా, ఎంత ఖాళీగా కనిపించినా తేలిక కాదు. కిర్ష్‌నర్ పేజీలు ఇలాగే మోసం చేస్తాయి. బర్గ్‌ముల్లర్ అరబెస్క్ దీనికి సరిగ్గా ఎదురు. నాలుగు వేగమైన స్వరాలు, వాటి తరువాత ఒక ఆగే స్వరం, మళ్లీ నాలుగు. పేజీ నల్లగా కనిపిస్తుంది, కానీ పరుగు ఒక చేతిలో ఉంటే రెండో చేయి కార్డ్‌లు (స్వరగుంపులు) కొట్టి ఊరుకుంటుంది. అందుకే పదేళ్ల పిల్లలు దాన్ని నాలుగు వారాల్లో నేర్చేసుకుంటారు.

ఇప్పుడు ఆ ఎనిమిది బార్‌లను సగం వేగంలో, రెండు చేతులతో, ఒక్కసారి వాయించండి. ఎక్కడెక్కడ ఆగిపోయారో లెక్కపెట్టండి. ఒక్కసారి కూడా ఆగకపోతే అది చూసి చదివే సాధనకు పనికివస్తుంది, నేర్చుకోవడానికి కాదు. మూడు చోట్ల వరకు ఆగితే అదే మీ రచన, అచ్చు తీయించండి. మూడు దాటితే పేరు రాసుకుని ఏడాది తరువాత చూడండి. ఈ అంకెలు ఏ శాస్త్రంలోనూ లేవు, నా దగ్గర నేర్చుకునేవారితో ఇన్నేళ్లలో కుదిరినవి. మీకు రెండు కుదిరితే రెండు పెట్టుకోండి.

మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ కీబోర్డు మూగబోతుంది కదా, జల్లెడ పనికి అదే మంచి సమయం. బల్ల మీద కాగితం పెట్టుకుని, బల్ల చెక్క మీదే వేళ్లు ఆడిస్తూ చదవండి.

అచ్చు, వేళ్ల అంకెలు

ఏడురోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ షాపులో నేను మొదటిసారి హెల్లర్ ఓపస్ 45 మొత్తం తీయించాను. తీసినతను కట్ట చూసి, "లా కాలేజీ పరీక్షలా సార్?" అని అడిగాడు. అందులో ఆ ఏడాది నేను వాయించినవి నాలుగు. జల్లెడ దాటినవే తీయించండి. రెండేసి పేజీలు ఎదురెదురుగా ఉండేలా టేపు అతికించుకుంటే మధ్యలో పేజీ తిప్పే అవస్థ తప్పుతుంది.

ఒకే రచనకు రెండు మూడు ముద్రణలు దొరికితే రెండు దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. కడపలో ఈ పనికి మంచి పూర్వీకుడు ఉన్నాడు. 1820లో ఇక్కడికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి నాలుగైదు తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పాఠాలు సరిపోల్చి సరైన ప్రతి రాయించేవాడు. మన పని అంత పెద్దది కాదు. ఒక ముద్రణలో బిగ్గరగా అని ఉండి, ఇంకో దానిలో ఏమీ లేకపోతే, పాతది ఏదో చూడండి. వెనకటి సంపాదకులకు చేతి దురద ఎక్కువ. పెడల్ గుర్తులు, వేగం గుర్తులు, ఒక్కోసారి ఏకంగా స్వరాలే చేర్చేవారు. బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం ఉంది. మండు వేసవిలో ఆ చల్లని హాలులో కూర్చుని నేను గేద రెండు ముద్రణలు పోల్చి చూసుకున్నాను. అక్కడివారు ఏమనుకున్నారో తెలియదు.

వేళ్ల అంకెల గురించి తప్పక చెప్పాలి. మనకు అలవాటైన లెక్కలో బొటనవేలు 1, చిటికెన వేలు 5. పాత ఇంగ్లండ్ ముద్రణల్లో కొన్ని ఇంకో లెక్కలో ఉంటాయి. వాటిలో బొటనవేలికి అంకె ఉండదు, గుణకారం గుర్తో కూడిక గుర్తో ఉంటుంది, చూపుడు వేలు 1, చిటికెన వేలు 4. ఈ సంగతి తెలియక ఒక రచనను పది రోజులు ఆ అంకెల ప్రకారం వాయించాను. స్వరాలు సులువే, చేయి మాత్రం ప్రతి మలుపులో తాడులా మెలిపడేది. నా చేతిలోనే లోపం ఉందనుకున్నాను. పదకొండో రోజు పేజీ మొత్తం వెతికితే ఎక్కడా 5 లేదు! పక్కన చిన్న చిన్న గుణకారం గుర్తులు ఉన్నాయి. వాటిని అంతవరకు అచ్చు మరకలనుకున్నాను. కాబట్టి పాత ముద్రణ దించగానే ముందు 5 కోసం వెతకండి. సి మేజర్ స్కేలుకు కుడి చేతి అంకెలు గుణకారం, 1, 2, గుణకారం, 1, 2, 3, 4 అన్నట్టు కనిపిస్తే పెన్సిలుతో అన్నిటికీ ఒకటి కలిపి రాసుకోండి.

ఎవరితో మొదలుపెట్టాలి

హెల్లర్‌తో. ఇందులో నాకు సందేహం లేదు. 1813లో పెస్ట్ నగరంలో పుట్టాడు. బాల మేధావి అని ఊరూరా తిప్పి కచేరీలు చేయించారు. ఆ తిరుగుడుకు తట్టుకోలేక ఆగ్స్‌బర్గ్‌లో జబ్బుపడి, కొన్నేళ్లు అక్కడే ఉండిపోయాడు. 1838లో పారిస్ చేరి, 1888లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. వేదిక అంటే విసిగిన మనిషి కాబట్టే కావచ్చు, ఇంట్లో కూర్చుని వాయించేవారి మనసు ఆయనకు తెలుసు. ఆయన ఎటూడ్‌లు మూడు ఓపస్‌లలో ఉన్నాయి. 47లో 25, 46లో 30, 45లో 25. అంకెలు చూసి 45తో మొదలుపెట్టకండి. కష్టం వెనక నుంచి ముందుకు పెరుగుతుంది, 47 అన్నిటికన్నా తేలిక. లయను, భావాన్ని అలవరచడానికి అని ఆ పుస్తకం మీదే రాసి ఉంటుంది. ఎటూడ్ అన్న పేరు చూసి వేళ్ల కసరత్తు అనుకోవద్దు. వర్ణంలో రాగం ఎలా ఒదిగి ఉంటుందో వీటిలో పాట అలా ఉంటుంది. 45లో రెండోది, మంచుచరియ అన్న పేరుతో తిరిగేది, చేతి నుంచి చేతికి జారే మూడేసి స్వరాల గుంపులతో నడుస్తుంది. వినడానికి ఉన్నంత కష్టం చేతిలో లేదు. ఇంటికి చుట్టాలు వచ్చి "ఏదీ, ఒకటి వాయించు" అన్నప్పుడు పనికివస్తుంది.

బర్గ్‌ముల్లరే ఇంకా కావాలంటే, ఓపస్ 100 తరువాత 109 తీయండి. పద్దెనిమిది ఎటూడ్‌లు, ఒక మెట్టు పైన. ఎందుకో అందరూ 100 దగ్గర ఆగిపోతారు.

రోజూ కొత్తది చూసి చదివే సాధనకు కార్నేలియస్ గుర్లిట్. ఓపస్ 101లో ఇరవై చిన్న రచనలు. గొప్పవని చెప్పను, కానీ శుభ్రమైనవి, రోజుకొకటి ఇడ్లీలా. ఫుక్స్‌కు కొంచెం ఓపిక కావాలి. కిర్ష్‌నర్‌ను రెండేళ్ల తరువాత చూడండి.

ఫ్రాన్స్ నుంచి ఇద్దరు స్త్రీలు. సెసిల్ షమినాద్, 1857 నుంచి 1944 వరకు. పిల్లల ఆల్బమ్‌లు ఓపస్ 123, 126, ఒక్కోదానిలో పన్నెండు. ఆమెకు 1913లో ఫ్రెంచ్ ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. అది అందుకున్న మొదటి స్త్రీ స్వరకర్త ఆమె. తరువాతి తరం విమర్శకులు ఆమెను డ్రాయింగ్ రూము సంగీతం అని తీసిపారేశారు. డ్రాయింగ్ రూములో వాయించేవారికి అంతకన్నా మంచి సిఫారసు ఏముంటుంది? రెండో ఆమె మెల్ బోనిస్, 1858 నుంచి 1937 వరకు. అసలు పేరు మెలానీ. ఆడపిల్ల రాసిందని తెలియకుండా పేరు కత్తిరించుకుంది. పిల్లల కోసం ఆమె రాసిన చిన్న రచనల్లో అక్కడక్కడ వచ్చే స్వరగుంపు మొదటిసారి తప్పు వాయించామేమో అనిపిస్తుంది. తప్పు కాదు, అలాగే రాసింది. రెండోసారి వింటే తీపిగా ఉంటుంది.

కథలు ఇష్టమైనవారు జ్డెనేక్ ఫిబిఖ్ దగ్గరికి వెళ్లండి. ఈ చెక్ స్వరకర్త తన శిష్యురాలు అనేష్కా షుల్జోవా మీద ప్రేమను డైరీలా పియానో రచనలుగా రాసుకుంటూ పోయాడు. మొత్తం 376. కొన్ని అర పేజీ, కొన్ని నాలుగు పేజీలు, కష్టంలో పొంతన లేదు. అందుకే ఇక్కడ జల్లెడ బాగా పనిచేస్తుంది. ఒక ఆదివారం ఉదయం యాభై తిరగేస్తే మీకు సరిపోయేవి ఐదు మిగులుతాయి. ఎవరి ప్రేమలేఖలో చదువుతున్నట్టు కాస్త మొహమాటంగా కూడా ఉంటుంది.

నోటు పుస్తకం, ఫోను

వంద పేజీల నోటు పుస్తకం ఒకటి పెట్టండి. రచనకు ఒక వరస: స్వరకర్త, ఓపస్, వరస సంఖ్య, శ్రుతి, ఎన్నిచోట్ల ఆగారు, తేదీ. చివర ఒక్క మాట మీ సొంతం. నా పుస్తకంలో గేద ఎలిజీ పక్కన "పెడల్ తక్కువ, అమ్మకు నచ్చింది" అని ఉంది. ఇంకో రచన పక్కన "వద్దు" అని మాత్రమే ఉంది. ఎందుకు వద్దో ఇప్పుడు గుర్తులేదు, అందుకే కారణం కూడా రాయమంటాను.

రచన నేర్చుకున్నాక, వేళ్లు కుదిరాక, అప్పుడు యూట్యూబ్ తీయండి. ఇద్దరు ముగ్గురు వాయించింది వినండి. వారి వేగం పట్టించుకోకుండా, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో గమనించండి. ఈ దారిలో కొంతదూరం పోయాక వినడానికి ఒక్క రికార్డింగు కూడా దొరకని రచన ఎదురవుతుంది. ఫిబిఖ్ దగ్గర నాకు అలా జరిగింది. అప్పుడు ఫోనును పియానో మీద కాకుండా పక్క కుర్చీ మీద పెట్టండి, పియానో మీద పెడితే ప్రతి దెబ్బకూ దడదడమంటుంది. ఫ్యాను ఆపి, ఒకసారి ఆగకుండా చివరిదాకా వాయించి రికార్డు చేయండి. మధ్యలో కుక్కర్ విజిల్ వచ్చినా ఆపవద్దు. వారం రోజులు దాని జోలికి వెళ్లకండి. ఎనిమిదో రోజు, కాగితం చేతిలో పెట్టుకుని, పెన్సిలుతో వినండి.